అడిగినదానికే జవాబు

ఫిబ్రవరి 1, ఆదివారం

మా ఇంట్లో నా గురించి ఒక తీర్మానం ఎప్పుడో అయిపోయింది. త్రివేణికి మనసు లేదు. ఈరోజు అమ్మ దాన్ని పక్కింటి వెంకటనర్సమ్మ అత్తమ్మకు కూడా వినిపించింది. నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను. గోడ ఉన్నట్టు కూడా అనిపించలేదు.

"ఫోన్ల లోకంల ఉన్నోళ్లందరితోని తేనె పూసినట్టు మాట్లాడ్తది వదినా. ఇంట్లకొస్తే నోట్ల ముత్యాలున్నట్టు నోరు తెరవది. నాయినను బీపీ సూపెట్టుకరా అంటే ఆటో మాట్లాడి ఎక్కిచ్చింది. ఎంబడి పోలే."

వెళ్లలేదు, నిజమే. ఆ రోజు పొద్దున ఆరు నుంచి మూడింటిదాకా షిఫ్టు. "మీ ఇబ్బంది నాకు పూర్తిగా అర్థమైంది" అని డెబ్బై మందికి చెప్పి వచ్చాక, ఇంట్లో మనిషికి అదే మాట చెప్పబోతే నా గొంతు నాకే అబద్ధంలా వినిపిస్తుంది. అందుకే ఆటో మాట్లాడాను. డ్రైవరుకు దవాఖానా పేరు రెండుసార్లు చెప్పాను. దిగాక ఫోన్ చేయమన్నాను. ఇవేవీ లెక్కలోకి రావు. నవ్వకపోతే పొగరు, నవ్వితే ఫోన్లో ఎవడో ఉన్నాడు.

నాయిన ఇంకోరకం. నాచారం ఫ్యాక్టరీలో తనతో పనిచేసేవాళ్లందరికీ "మా చిన్నది విమానాల్ల జేస్తది" అని చెప్పుకుంటాడు. లూమెరా ఎయిర్‌వేస్‌ వాళ్ల ఫోన్లు ఎత్తే ఒక కంపెనీలో, ఉప్పల్‌లో, కిటికీ లేని మూడో అంతస్తులో చేస్తాను నాయినా. విమానాన్ని దగ్గరగా చూసింది ఒక్కసారే, అదీ వేరేవాళ్లను దింపడానికి వెళ్లి.

ఫిబ్రవరి 2, సోమవారం

షిఫ్టు అయ్యాక అందరినీ గంటసేపు కూర్చోబెట్టారు. మార్చి ఒకటి నుంచి లూమెరా ఇప్పుడున్న విమాన సంస్థల కూటమి వదిలేసి ఇంకో కూటమిలో చేరుతోంది. స్క్రీన్ మీద నీలం గుర్తు కరిగిపోయి నారింజ గుర్తు వచ్చింది. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత మా టీం లీడ్ నరేన్ అసలు సంగతి చెప్పాడు. పాత కూటమితో స్నేహం తెగిపోతే దాంతోపాటు ఒప్పందాలూ తెగుతాయి. లూమెరాలో హైదరాబాద్ నుంచి సింగపూర్ వెళ్లి, అక్కడి నుంచి పాత కూటమి విమానం ఎక్కాల్సినవాళ్ల టికెట్, మార్చి ఒకటి తర్వాతి ప్రయాణమైతే, రెండు ముక్కలవుతుంది. సామాను నేరుగా చివరి ఊరికి పోదు. సింగపూర్‌లో బయటికి వచ్చి, సామాను తీసుకుని, మళ్లీ లైన్లో నిలబడి ఎక్కించుకోవాలి. బయటికి రావాలంటే ఆ దేశం వీసా కావాలి. అది లేకపోతే హైదరాబాద్‌లోనే ఎక్కనివ్వరు. వీసా ఉన్నా, మధ్యలో గంటన్నరే ఉంటే రెండో విమానం అందదు. అందకపోతే ఎవరిదీ బాధ్యత కాదు.

అందరికీ మెయిల్ వెళ్లింది. అందులో రెండు బటన్లు. ఒకటి "అంగీకరిస్తున్నాను", ఒకటి "మార్చండి". ఫిబ్రవరి ఇరవై లోపు మార్చమంటే కొత్త కూటమి విమానాల మీద ఒకే టికెట్‌గా, ఉచితంగా మార్చి ఇస్తారు. తర్వాత లేదు.

"మనం అడిగిందానికే జవాబు చెప్పాలె. అడగంది ఎత్తొద్దు. అందరు ఒక్కపారి ఫోన్ జేస్తే లైన్లు కూలిపోతయ్" అన్నాడు నరేన్. మంచివాడే. ఆ మాట చెప్పేటప్పుడు మార్కర్ మూత తీసి పెట్టి తీసి పెట్టాడు.

నా పక్క సీటు హరితది తణుకు. ఊరుకోదు. "అంటే నరేన్ గారూ, ఇంట్లో దొంగ దూరాడని మనం చెప్పం. ఏ కిటికీలోంచి వచ్చాడని అడిగితే మటుకు చక్కగా చెప్తాం. అంతేగా అండీ?"

అందరూ నవ్వారు. నరేన్ కూడా నవ్వి, స్లైడు మార్చాడు.

ఫిబ్రవరి 3

కాల్స్ డెబ్బై నాలుగు. కూటమి మార్పు గురించి అడిగినవాళ్లు ఆరుగురు.

ఫిబ్రవరి 5, గురువారం

అన్నం తింటూ నాయిన మొదలుపెట్టాడు.

"ఏందే, మీ కంపెనీ పార్టీ మారుతున్నదట?"

"పార్టీ కాదు నాయినా. కూటమి."

"గదే గద. ఏమిస్తమన్నరట?"

అమ్మ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఎందుకో మరి. ఓపిగ్గానే చెప్పాను. ఇన్నాళ్లూ ఒక డిపో బస్సు టికెట్ చూపిస్తే ఇంకో డిపో బస్సులో కూర్చోనిచ్చేవాళ్లు, మూటలు వాళ్లే ఎక్కించేవాళ్లు అనుకో. ఇప్పుడు ఆ రెండు డిపోలకు చెడింది. కొత్త డిపోతో కుదిరింది.

నాయిన ముద్ద ఆపి ఆలోచించాడు. "అయితే సగం తొవ్వల దించి, గీడికెల్లి నీ తిప్పలు నువ్వు పడు అంటరన్నట్టు."

"ముందుగాల్నే మెయిల్ పంపిన్రు నాయినా."

"ఎవలకు?"

లేచి ప్లేటు కడుక్కున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఆదివారాలు బావ షాపులో కూర్చుంటాను. అక్క పేరు పద్మశ్రీ, బావ పేరు దుర్గేష్, షాపు పేరు పద్మదుర్గ ట్రావెల్స్. ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర, స్కైవాక్ దిగగానే, మొదటి అంతస్తు. వారం రోజుల బుకింగులు షీట్‌లో ఎక్కించడం నా పని. జీతం లేదు. నాయినకు ఆపరేషన్ అయినప్పుడు పన్నెండు రోజులు దవాఖానా వరండాలో పడుకున్నది బావ. దానికి ఆదివారాలు ఎన్ని ఇచ్చినా సరిపోవు, అది ఒప్పుకుంటాను.

పదకొండు గంటలప్పుడు ఉప్పలయ్య వచ్చాడు. అన్నోజిగూడలో ఉంటాడు, డోళ్ల మోతతో మల్లన్న ఒగ్గు కథ చెప్తాడు. యాభై ఐదు ఉంటాయేమో. ఆయన మేళంలో ఆరుగురు. వచ్చే నెల ఆరున కొరియాలో ఏదో డోళ్ల పండుగకు పోతున్నారు. పాస్‌పోర్టుల నుంచి వీసాలదాకా అన్నీ బావే చేయించాడు. హైదరాబాద్, సింగపూర్, సియోల్. మొదటి విమానం లూమెరా. రెండోది పాత కూటమిది.

దుప్పట్లో చుట్టిన డోలు భుజాన వేసుకుని మెట్లెక్కాడు. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి తను నిలబడ్డాడు.

"పాత ఇనుప సామాన్లు కొనేటోని కాంట మీద తూపిచ్చిన బిడ్డా. పద్నాలుగు కిలోలు. వాడు నేను అమ్ముతాననుకొని రేటు జెప్పిండు" అని నవ్వాడు. బావ బ్యాంకు పనిమీద కిందికి వెళ్లి ఉన్నాడు. నేనొక్కదాన్నే.

"గిది నా తోనే ఒస్తదా బిడ్డా? ఒళ్లె పెట్టుకొని కూసోనిస్తరా?"

"ఒళ్లె పెట్టుకోనియ్యరు తాతా. సామాన్ల ఎయ్యాలె. ముప్పై కిలోల లోపు ఉంటే ఒస్తది."

"ఒస్తది గద?"

"ఒస్తది."

సంతోషపడి దుప్పటి విప్పి చూపించాడు. మేకతోలు కొత్తగా వేయించాడట. వేలితో ఒక్కసారి తట్టాడు. కింద చాయ్ హోటల్‌లో మాటలు ఆగిపోయాయి.

నేను అడిగినదానికి జవాబు చెప్పాను. ఆయన బరువు అడిగాడు. బరువు గురించి చెప్పింది నిజమే.

ఫిబ్రవరి 9

బావకు మెయిల్ వచ్చే ఉంటుంది. టికెట్లన్నిటిలో బావ తన నంబరు, తన మెయిలే పెట్టాడు. అందరు ఏజెంట్లూ అంతే చేస్తారు, కస్టమరు వచ్చేసారి ఇంకో షాపుకు పోకుండా. కాబట్టి లూమెరా ఏం పంపినా బావకే వస్తుంది. బావ చూసే ఉంటాడు. మార్చమని నొక్కే ఉంటాడు. నేను మధ్యలో దూరితే "మరదలు నాకు పని నేర్పిస్తున్నది" అంటాడు.

ఫిబ్రవరి 10

బావ చూసే ఉంటాడు.

ఫిబ్రవరి 11, బుధవారం

తెలిసినవాళ్ల బుకింగ్ తెరవకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. ఈరోజు తెరిచాను. రెండు కాల్స్ మధ్య పదకొండు సెకన్లు పట్టింది.

ఆరుగురి పేర్ల పక్కనా ఒకే మాట. అంగీకరించారు. జనవరి 30, ఉదయం 10.12.

అంటే రెండు ముక్కల టికెట్‌కు సరేనన్నట్టు. సింగపూర్‌లో మధ్య సమయం గంటా నలభై నిమిషాలు. వీసా ఎవరికీ లేదు. ఒకసారి అంగీకరించాక ఇంక ఉచితంగా మార్చరు.

తర్వాతి కాల్‌లో ఎవరో పెద్దాయన తన భార్యకు చక్రాల కుర్చీ కావాలన్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఫిబ్రవరి 12, గురువారం

షిఫ్టు అయ్యాక నేరుగా షాపుకు వెళ్లాను. బావ ఫోన్లో ఎవరినో బతిమాలుతూ, నాకు కుర్చీ చూపించి, చాయ్ అని సైగ చేశాడు. పెట్టేశాక అడిగాను.

"బావా, లూమెరా నుంచి ఉప్పలయ్యోళ్ల మెయిల్ ఒచ్చిందా?"

"దినాం నాలుగు వందలొస్తయ్ మరదలా. గండ్ల నీది ఏది?"

వెతికి తీశాడు. "ఇగో. ఒచ్చిన్నాడే ఒప్పుకున్నమని కొట్టిన. పచ్చ బటన్."

"సదివినవా?"

"పైన సదివిన. మీ ప్రయాణంల మార్పు ఉన్నది అని ఉన్నది. మార్పు లేందెప్పుడు? పది నిమిషాలు అటిటు అయినా గదే మెయిల్. ఒప్పుకోకుంటే టికెట్ క్యాన్సల్ అయితది. రెండేండ్ల కింద ఘట్‌కేసర్ ఫ్యామిలీ ఒకటి ఎయిర్‌పోర్ట్‌కెల్లి వాపస్ ఒచ్చింది, నేను బటన్ నొక్కలేదని. అప్పటిసంది ఏదొస్తే అది నొక్కుడే."

"నాలుగో పేరా సదువు బావా."

చదివాడు. వేలు స్క్రీన్ మీద పెట్టి, పెదవులు కదుపుతూ. నేను గోడమీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. మొదటి లైనుకు రెండుసార్లు వెనక్కి వెళ్లాడు. నాకు అప్పుడు తెలిసింది, ఇన్నేళ్లూ మెయిళ్లలో మొదటి రెండు లైన్లు, చివరి బటన్, ఇంతే ఆయన ఇంగ్లీషు అని.

"గిట్ల శానామందికి నొక్కిన త్రివేణి. లూమెరావి అన్నీ."

"ముప్పై ఒక్కరు. షీట్ల ఉన్నరు."

"ఆ షట్టర్ జర సగం దించు."

దించాను. కింద నుంచి హారన్ల మోత కొంచెం తగ్గింది. బావ చాయ్ గ్లాసు పట్టుకుని తాగలేదు.

"నన్ను అడిగితే అయిపోతుండె కదా బావా. ప్రతి ఆదివారం ఈడనే ఉంట."

"ఎట్ల అడుగుత? నువ్వు గడగడ మాట్లాడ్తవ్ ఆ భాష. మీ అక్క ముంగట ఏమని అడుగుత, నాకు గిది సమజ్ అయితలేదని?"

కోపంగా వెళ్లినదాన్ని. ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

దారి ఒకటుంది. ఆఫీసులో ఆ పేజీ నాలుగుసార్లు చదివాను. "మా అనుమతి లేకుండా ఏజెంటే అంగీకరించాడు, మాకు మెయిల్ అందలేదు" అని ప్రయాణికుడు తన సంతకంతో రాసి, తన సొంత నంబరు ఇస్తే, పాత అంగీకారం రద్దు చేసి మారుస్తారు. అది కూడా ఇరవయ్యో తారీఖు లోపే.

"అంటే నా మీద కేసు."

"కేసు కాదు. ఫిర్యాదు."

"మూడు ఫిర్యాదులైతే టికెట్లు కొట్టే నా ఐడీ బంద్ జేస్తరు. ఇగ షాపేంది?" ఆ తర్వాత కొంచెం సేపటికి, "ఏం గాదు తియ్. కౌంటర్ల ఎవలన్న సర్దుతరు. ఇన్నేండ్లల్ల ఒక్క మూట పోలే" అన్నాడు.

ఆయన నా వైపు చూడలేదు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

అక్క వచ్చింది. బావ పంపలేదు, తనే వచ్చింది.

"ఆ బోర్డు మీద ఉన్నది నా పేరు. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే జేస్తున్నవా? నీ షోకులకు మా బతుకులే దొరికినయా? ఆళ్లు పోకుంటే సచ్చిపోరు. ఇంకో యేడాది పోతరు."

"ఇంకో యేడాది ఎవలు పిలుస్తరక్కా?"

"నీకెందుకు?"

అమ్మ మధ్యలోకి వచ్చింది. "దానికి జెప్పినా ఎక్కదు పద్మా. అది గట్లనే. మనసులేని పుట్టుక."

నవ్వొచ్చింది. ఈసారి ఆపుకోలేదు. అక్క లేచి, అమ్మ పెట్టిన చాయ్ అలాగే వదిలేసి వెళ్లిపోయింది. నాయిన ఆ చాయ్ తీసుకుని తాగాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం, శివరాత్రి

షాపుకు వెళ్లలేదు. ఆదివారం షాపుకు వెళ్లకపోతే చేతులు ఏం చేయాలో తెలియలేదు.

ఉప్పలయ్యకు ఫోన్ చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తితే డోళ్ల మోత తప్ప మనిషి వినపడలేదు. కొమురెల్లి మల్లన్న గుడి దగ్గర ఉన్నాడట, ఈ రాత్రి అక్కడ పెద్దపట్నం ముగ్గు వేస్తారు. "ఎల్లుండి ఒస్త బిడ్డా, ఎల్లుండి" అని అరిచాడు. గొంతులో ఎంత ఉత్సాహమో.

ఇంకొక సంగతి ఇక్కడైనా రాయాలి.

తొమ్మిదో తారీఖున, బావ తన నంబరే పెట్టాడని రాశాను. అలా పెట్టమని బావ చెప్పిన మాట నిజమే. పెట్టింది నేను. షీట్‌లో ఒక కాలమ్ లూమెరాకు ఇచ్చే నంబరు, చివరి కాలమ్ కస్టమరు సొంత నంబరు. మొదటి గడిలో బావ నంబరు టైపు చేసి, మూల పట్టుకుని కిందికి లాగాను. ముప్పై ఒక్క గడుల్లోనూ అదే పడింది. అర నిమిషం పని. పని తొందరగా అయిందని ఆ రోజు బావ సమోసాలు తెప్పించాడు.

ఉపవాసం అని అమ్మకు చెప్పాను. ఆకలి లేదు, అంతే.

ఫిబ్రవరి 17, మంగళవారం

మూడింటికి ఉప్పల్‌లో బస్సెక్కాను. సగం లేచిన ఫ్లైఓవర్ స్తంభాల మధ్య నారపల్లి దాటేసరికే గంట పట్టింది. అన్నోజిగూడలో దిగి, హైవే పక్క టైర్ల షాపు వెనక సందు. ఇంటి ముందు తాడుమీద పసుపు మరకల పంచెలు ఆరేసి ఉన్నాయి. ఆరుగురిలో నలుగురు అక్కడే ఉన్నారు. నిద్రలేని కళ్లు. కుర్చీ వేశారు, నీళ్లిచ్చారు.

అంతా చెప్పాను. సింగపూర్, రెండు ముక్కల టికెట్, పచ్చ బటన్, ఇరవయ్యో తారీఖు.

ఒకాయన అన్నాడు, "డోళ్లు ఈడనే ఇడిసిపెట్టి మనం పోతే?"

"డోలు లేకుంట ఆడ ఏం జేస్తవ్ర? చేతులు ఊపుకుంట నిలబడ్తవా?" ఉప్పలయ్య ఆయనమీద ఎగిరాడు. తర్వాత నా వైపు తిరిగాడు. బావను తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"దుర్గేష్ మంచోడు. మా పాస్‌పోర్టులకు ఠాణా సుట్టు ఆయనే తిరిగిండు. ఆయన మీద రాయుమంటవా?"

"రాయకుంటే మారది తాతా."

"ఆయన సంగతి సరే. నేను ఆనాడు డోలు ఎత్తుకొని ఒచ్చిన్నాడు నువ్వు ఆడ్నే ఉన్నవ్ గద?"

"ఉన్న."

"నేను అడిగిన గద, ఒస్తదా అని. రెండుసార్లు అడిగిన."

నా నోటి నుంచి ఏం వచ్చిందో రాయడానికి సిగ్గుగా ఉంది. "మీరు బరువు గురించి అడిగిన్రు" అన్నాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. చిన్నపిల్లకు లెక్క చెప్పినట్టు చెప్పాడు. "నాకు తెల్సిందే నేను అడుగుత బిడ్డా. తెల్వంది ఎట్ల అడుగుత? నీకు తెల్సింది నువ్వు జెప్పాలె."

బ్యాగ్‌లోంచి పెన్ను తీశాను.

కాగితం నేనే రాశాను. బావ పేరు రాసేచోట పెన్ను ఆగింది. ఉప్పలయ్య చూశాడు. "ఆయన ఎరుకలేక జేసిండని గుడ రాయి" అన్నాడు. రాశాను. "మెయిలు సరిగ్గా అర్థం కాక, మంచి ఉద్దేశంతోనే" అని. మిగిలిన ఇద్దరినీ పిలిపించి, ఆరుగురి సంతకాలూ తీసుకున్నాను. ఉప్పలయ్య తన పేరు తెలుగులో, ఒత్తులు లోతుగా దిగబడేలా రాశాడు. ఆయన ఫోన్ నుంచే, ఆయన నంబరుతోనే పంపించాము.

ఇంటికొచ్చేసరికి అమ్మ తలుపు దగ్గర ఉంది. ఎక్కడికి పోయినవని అడగలేదు.

ఫిబ్రవరి 18

ఆ ఫిర్యాదు హరిత చూడాల్సినవాటిలో పడింది. నేనేం చెప్పలేదు. బ్రేక్‌లో నీళ్లు పట్టుకుంటూ, నా వైపు చూడకుండా, "ఆరుగురు, ఆరు డోళ్లు. భలే గ్రూపే. పై వాళ్లకి ఇప్పుడే పంపేశా" అంది. అంతే. వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 19, గురువారం

చాలా జరిగాయి. వరసగా రాస్తాను.

ఉదయం పదకొండున్నరకు ఉప్పలయ్య ఫోన్. టికెట్లు మారాయి. కొత్త కూటమి విమానం, అదే ఆరో తారీఖు, ఒకటే టికెట్. సామాను నేరుగా సియోల్‌కు. సింగపూర్‌లో బయటికి రానక్కరలేదు. మెసేజ్ ఆయన ఫోన్‌కే వచ్చిందట, మొత్తం చదివించుకున్నాడట ఎవరితోనో. "మొత్తం సదివిపిచ్చిన బిడ్డా, ఆఖరుదాక" అని రెండుసార్లు చెప్పాడు. వెనక ఎవరో డోలు అందుకున్నారు.

పన్నెండింటికి నరేన్ గదిలోకి పిలిచాడు. పదకొండో తారీఖు నేను ఆ బుకింగ్ తెరిచినట్టు సిస్టంలో ఉంది. టికెట్లు, షాపు, బావతో నా చుట్టరికం, అన్నీ వాళ్లకు కలిశాయి. రేపటి నుంచి రావద్దన్నారు, విచారణ అయ్యేదాకా. విచారణ ఎలా అవుతుందో ఇద్దరికీ తెలుసు.

"నీ జాగల నేనున్నా గదే జేద్దును అని అబద్ధం చెప్ప త్రివేణి. నేనైతే తెరవకపోదును" అన్నాడు. ఆ నిజాయితీకి ఆయన మీద గౌరవం కలిగింది. హెడ్‌ఫోన్ ఇచ్చేశాను. దాని స్పంజి మీద నా చెవి ఆకారం పడి ఉంది.

నాలుగింటికి బావ వచ్చాడు. అక్క కూడా. లూమెరా నుంచి సంజాయిషీ అడుగుతూ మెయిల్. ఈసారి బావ మొత్తం చదివాడు. ప్రింటు తీసి తెచ్చాడు, కొన్ని మాటల కింద గీతలున్నాయి.

లోపలికి రాలేదు. మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ వెళ్లి ఒక మెట్టు కింద కూర్చున్నాను.

"ఎరుకలేక జేసిండని రాపిచ్చినవట."

"ఉప్పలయ్యే రాయుమన్నడు."

తల ఊపాడు. "ఒక్క ఫిర్యాదుకు మందలిస్తరు, గంతే. రాసి ఇస్త, మాఫీ అడుగుత. షాపు నిలబడ్తది. మిగిలినోళ్లు రాయకుంటే."

మిగిలినవాళ్లు ఇరవై ఐదు మంది. కొరియా షిప్‌యార్డులో పనికి పోయే వెల్డర్లు తొమ్మిది మంది. మార్చి ఇరవై రెండుకల్లా చేరకపోతే ఆ పని ఇంకొకడికి పోతుంది. పెర్త్‌లో చేరబోయే నర్సు ఒకామె. కొత్తగా పెళ్లయినవాళ్లు. పసిపిల్లతో వెళ్లే కుటుంబం. రేపు సాయంత్రం ఆరుదాకానే గడువు.

"నువ్వే ఫోన్ జెయ్ బావా. నువ్వు జెప్తే నీ మీద గట్టిగ రాయరు. ఎరుకలేక అయిందని నువ్వే జెప్పు."

"జెప్త. మెల్లగ ఒక్కొక్కరికి."

"రేపే ఆఖరు."

ఫోన్ చేతిలో ఉంది. దాని అద్దం మీద వేలితో ఏదో తుడుస్తూ ఉన్నాడు. ఎవరికీ చేయలేదు. పావుగంట కూర్చున్నాము. ఎదురింటి పిల్లి మమ్మల్నిద్దరినీ దాటుకుని పైకి వెళ్లింది. దవాఖానా వరండాలో ఆ పన్నెండు రోజులు ఆయన ఎలా కూర్చున్నాడో, ఇప్పుడూ అచ్చం అలాగే ఉన్నాడు, మోకాళ్లు దగ్గరికి లాక్కుని. చెప్పలేడు. తప్పించుకోవాలని కాదు. ఇరవై ఐదుసార్లు నాకు ఇంగ్లీషు రాదు అని చెప్పడం ఆయన వల్ల కాదు.

లోపల అక్క ఏడుస్తోంది. అమ్మ బయటికొచ్చింది.

"ఆరుగురికి జేసినవ్, అయిపోయింది. పుణ్యం నీకే. ఇగ ఆపు. నీ అక్క కాళ్లు మొక్కుతనన్నది. ఇంకేం గావాలె నీకు?"

"నాకేం ఒద్దమ్మా."

"మరి ఆపుతవా?"

నాయిన కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. అందరూ నా జవాబు కోసం చూశారు. నాకు ఈ ఇంట్లో మొదటిసారి ఎవరో ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగినట్టు అనిపించింది.

వాళ్లకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

రేపు పొద్దున ఏడింటికి మొదలుపెట్టి ఇరవై ఐదు మందికీ నేనే ఫోన్ చేస్తాను. వాళ్లు అడిగినా అడగకపోయినా మొత్తం చెప్తాను. ఎలా రాయాలో చెప్తాను. వెల్డర్లకు ముందు. షాపు మూతపడవచ్చు.